దొంగ కోసం పుట్టిన దీపం: కదలికను పసిగట్టే వెలుగు పెరటి అరుగుకు చేరిన చరిత్ర

పరిచయం

చీకట్లో మనిషి అలికిడి కాగానే తనంతట తానే వెలిగి, కాసేపటికి తనంతట తానే ఆరిపోయే దీపాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అపార్టుమెంటు మెట్ల మీద, కార్లు నిలిపే సెల్లారులో, ఇంటి గేటు పక్కన ఇప్పుడది మామూలు వస్తువు. మామూలు వస్తువులకు చరిత్ర ఉండదని అనుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఒక పరికరాన్ని మొదట ఎవరి కోసం, ఏ భయంతో, ఏ ఖర్చు లెక్కతో తయారుచేశారో తెలిస్తే, అది ఈనాడు ఒకచోట చక్కగా పనిచేసి మరొకచోట ఎందుకు విసిగిస్తుందో అర్థమవుతుంది.

ఈ భాగంలో మనం ఆ దీపాన్ని ఒక ప్రత్యేకమైన చోట పెట్టి పరిశీలిద్దాం. ఆ చోటు పాటియో. పాశ్చాత్య దేశాల్లో ఇంటి వెనక, తోటలోకి తెరచుకునేలా రాళ్లు పరచి, కుర్చీలు వేసుకునే అరుగును ఇప్పుడు పాటియో అంటున్నారు. స్పానిష్ భాషలో ఈ మాటకు అసలు అర్థం ఇంటి నడిమి ముంగిలి. మన మండువా లోగిలికి దగ్గరి చుట్టం. అమెరికాలోని కాలిఫోర్నియా మీదుగా ఈ మాట ఇంగ్లీషులోకి పాకింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఊరి శివార్లలో వెలసిన కొత్త ఇళ్లకు తగిలించడంతో దాని అర్థమే మారింది. తోట చూడడానికే కాదు, గదిలా వాడుకోవడానికి కూడా అన్న భావనను అమెరికాలో థామస్ చర్చ్ 1955లోను, బ్రిటన్‌లో జాన్ బ్రూక్స్ 1969లోను తమ పుస్తకాలతో ప్రచారంలోకి తెచ్చారు. గది అన్నాక దీపం కావాలి. ఏ దీపం అన్నదే ఇక్కడి ప్రశ్న.

బయటి దీపం ఎవరి ఆజ్ఞ?

ఇంటి బయట వెలుగు ఉంచడం యూరపు నగరాల్లో సొంత ఇష్టంగా కాక, బాధ్యతగా మొదలైంది. 1417లో లండన్ మేయరు హెన్రీ బార్టన్ చలికాలపు సాయంత్రాల్లో ఇళ్ల ముందు లాంతర్లు వేలాడదీయమని ఆదేశించినట్టు సంప్రదాయ కథనం. దీపం, నూనె, ఖర్చు అన్నీ ఇంటివాడివే. పారిస్‌లో 1667లో పరిస్థితి మారింది. పద్నాలుగో లూయీ నియమించిన పోలీసు ప్రధానాధికారి నికొలా ద లా రేని వీధులకు అడ్డంగా తాళ్లు కట్టించి కొవ్వొత్తి లాంతర్లు వేలాడదీయించాడు. వెలుగు అప్పుడు పోలీసు పనిలో భాగమైంది. రాత్రి వీధిలో ఎవరున్నారో కనబడాలి, అంతే.

జనం దీన్ని ఎలా చూశారన్నది ఆసక్తికరమైన విషయం. పారిస్‌లో లాంతరు పగలగొట్టడం నేరం. అయినా 1830 జూలై తిరుగుబాటులో జనం వరసపెట్టి వాటిని పగలగొట్టారు. వెలుగు రక్షణ అని అధికారులు అనుకుంటే, నిఘా అని వీధిలోని వాళ్లు అనుకున్నారు. 1807లో లండన్ పాల్‌మాల్ వీధిలో గ్యాసు దీపాలు, 1880లో అమెరికాలోని వాబాష్ పట్టణంలో విద్యుత్ ఆర్క్ దీపాలు వచ్చాక వెలుగు పెరిగింది గాని, ఈ రెండు అభిప్రాయాల మధ్య తగువు తీరలేదు. మనం చర్చించబోయే దీపంలోనూ ఆ తగువు ఉంది.

వేడిని చూసే కన్ను

కదలికను పసిగట్టే దీపం నిజానికి కదలికను చూడదు. మనిషినీ చూడదు. వేడిలో వచ్చే మార్పును చూస్తుంది. ఈ తేడాను జాగ్రత్తగా గమనించండి, తరువాతి చర్చ అంతా దీని మీదే నిలబడి ఉంది.

ఈ కథలో ఒక పాయ మన పొరుగునే ఉన్న సింహళం నుంచి బయలుదేరింది. పద్దెనిమిదో శతాబ్దపు మొదట్లో డచ్చి వర్తకులు అక్కడి నుంచి టూర్మలీన్ రాళ్లు తీసుకుపోయారు. ఆ మాట కూడా సింహళ భాషదే. వేడి బూడిదలో పెడితే ఈ రాయి బూడిద రేణువులను లాక్కునేది. అందుకే డచ్చివారు దానిని బూడిదను లాగే రాయి అని పిలుచుకున్నారు. రాయి వేడెక్కినప్పుడు, చల్లబడినప్పుడు దాని రెండు కొనల మీద విద్యుదావేశం పుట్టడమే అందుకు కారణమని 1756లో ఎపినస్ నిరూపించాడు. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ ధర్మానికి పైరోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టాడు. వేడిగా ఉన్నంత మాత్రాన ఆవేశం పుట్టదు. వేడి మారుతున్నప్పుడే పుడుతుంది.

రెండో పాయ ఇంగ్లండులో మొదలైంది. 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్, సూర్యుణ్ణి చూడడానికి వాడే రంగుటద్దాల్లో కొన్ని వెలుగును, మరికొన్ని వేడిని ఎక్కువగా రానిస్తున్నాయని గమనించాడు. 1800లో ఆయన పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కో రంగు దగ్గర ఉష్ణమాపకం ఉంచి చూశాడు. ఎరుపు దాటిన తరువాత, కంటికి ఏ రంగూ లేని చోట, పాదరసం ఇంకా పైకి పోయింది. మనం ఇప్పుడు పరారుణ కిరణాలు అంటున్నవి అవే. మనిషి శరీరం కూడా రాత్రింబగళ్లు వీటిని వెదజల్లుతూనే ఉంటుంది.

అక్కడి నుంచి కొలిచే పరికరాల పోటీ మొదలైంది. 1830లలో ఇటలీకి చెందిన మెల్లోని వాడిన థర్మోపైల్ సుమారు 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషి వేడిని గుర్తించగలిగింది. ఆ శతాబ్దం చివరికల్లా అమెరికన్ శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ తయారుచేసిన బోలోమీటరు పావు మైలు దూరాన ఉన్న ఆవును కూడా పసిగట్టగలిగే స్థాయికి చేరిందంటారు. ఇరవయ్యో శతాబ్దంలో సైన్యాలు ఈ విద్యను అందిపుచ్చుకున్నాయి. వేడిని వెతుక్కుంటూ వెళ్లే సైడ్‌వైండర్ క్షిపణి 1956లో అమెరికా నౌకాదళంలో చేరింది. ఇళ్లలోకి మాత్రం వేరే దారిన వచ్చింది. 1950ల దొంగ గంటలు అతిధ్వని తరంగాలను గదిలోకి పంపి, తిరిగి వచ్చిన తరంగంలో తేడాను బట్టి మోగేవి. తెర కదిలినా, గాలి వీచినా అవి మోగడం పెద్ద ఇబ్బంది. 1970లలో పైరోఎలక్ట్రిక్ స్ఫటికాలతో చేసిన, తానేమీ ప్రసారం చేయకుండా వచ్చే వేడిని మాత్రమే అందుకునే సెన్సర్లు చౌకపడ్డాయి. వీటినే పి.ఐ.ఆర్. సెన్సర్లంటారు.

వీటి లోపలి అమరికను ఊహించుకోండి. గోరంత స్ఫటికపు ముక్కలు రెండు, ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఉంటాయి. రెండింటి మీదా ఒకేసారి వేడి పడితే ఒకదాని ఆవేశం మరొకదానితో చెల్లిపోతుంది. కాబట్టి ఎండ మెల్లగా పెరిగినా, గోడ చల్లబడినా దీపం వెలగదు. ముందు ఒకదాని మీద, వెంటనే రెండోదాని మీద వేడి పడితేనే సంకేతం వస్తుంది. ముందుండే తెల్లటి ప్లాస్టిక్ బుడగ వట్టి మూత కాదు, చిన్న చిన్న కటకాల సముదాయం. చూసే ప్రదేశాన్ని అది విసనకర్ర మడతల్లా చారలుగా విడగొడుతుంది. ఈ రకం కటకాన్ని రూపొందించినవాడు ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్. 1823లో కోర్దువాన్ లైట్‌హౌస్‌లో దానిని మొదటిసారి అమర్చారు. ఓడలకు దూరం నుంచి వెలుగు పంపడానికి పుట్టిన కటకం, దగ్గరికి వచ్చే మనిషి వేడిని పోగుచేసే పనికి కుదిరింది.

చారలను అడ్డంగా దాటేవాడు వెంటనే దొరుకుతాడు. సెన్సర్‌కు ఎదురుగా, నేరుగా నడిచి వచ్చేవాడు ఆలస్యంగా దొరుకుతాడు. కదలకుండా కూర్చున్నవాడు దొరకనే దొరకడు. ప్రహరీ దాటి వచ్చే దొంగకు ఈ యంత్రం సరిపోయింది, ఎందుకంటే దొంగ కూర్చోడు.

1980ల బ్రిటన్: ఫ్లడ్‌లైటు, పొరుగిల్లు

ఈ సెన్సర్‌ను గంటకు బదులు దీపానికి కలపడం 1980లలో విస్తరించింది. జర్మనీకి చెందిన స్టైనెల్ సంస్థ తన తొలి సెన్సర్ దీపాన్ని 1987లో తెచ్చినట్టు చెప్పుకుంటుంది. దీనికి పెద్ద గిరాకీ దొరికిన దేశాల్లో బ్రిటన్ ఒకటి. ఇళ్లలో దొంగతనాల భయం అక్కడ పెరుగుతున్న కాలమది. 1982లో చెషైర్‌లోని మాలింగ్టన్ గ్రామంలో మొదలైన ఇరుగుపొరుగు కాపలా ఉద్యమం దేశమంతా పాకింది. నేర సర్వేల ప్రకారం అక్కడి నేరాలు 1995లో గరిష్ఠానికి చేరి, తరువాత తగ్గుముఖం పట్టాయి. అంటే దీపం బాగా అమ్ముడైన కాలం, భయం బాగా పెరిగిన కాలం ఒకటే.

ఆ దీపం ఎలా ఉండేది? 300 లేదా 500 వాట్ల హాలోజెన్ గొట్టం, దాని వెనక మెరిసే రేకు, కింద సెన్సర్. ధర తక్కువ, వెలుగు విపరీతం. కాసేపే వెలుగుతుంది కాబట్టి అంత శక్తి వాడినా బిల్లు నొప్పి తెలియదు. నిజానికి సెన్సర్ లేకపోతే ఇంత పెద్ద దీపాన్ని ఏ ఇంటివాడూ రాత్రంతా వెలిగించుకోగలిగేవాడు కాదు. సెన్సర్ వెలుగును పొదుపు చేసిందని సాధారణంగా అంటారు. ఆ పొదుపే మామూలు ఇంటి గోడ మీదికి ఆటస్థలంలో ఉండాల్సినంత వెలుగును తెచ్చిందన్నది కూడా అంతే నిజం.

పిల్లి నడిచినా, నక్క దాటినా అది వెలిగేది. పక్కింటి పడకగదిలో వెలుగు పడేది. 1989లో బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ చీకటి ఆకాశం కోసం ఉద్యమం మొదలుపెట్టింది. నక్షత్రాలు చూసేవాళ్ల గొడవగా మొదలైనది క్రమంగా ఇరుగుపొరుగు తగాదాల్లోకి వచ్చింది. 2003లో హౌస్ ఆఫ్ కామన్స్ సైన్సు, సాంకేతిక కమిటీ కాంతి కాలుష్యంపై నివేదిక ఇచ్చింది. 2005 చట్టం ద్వారా ఇంగ్లండు, వేల్స్‌లలో పొరుగువారికి హాని చేసే కృత్రిమ వెలుగు చప్పుడు, పొగల సరసన చట్టబద్ధమైన ఉపద్రవంగా గుర్తింపు పొందింది. విమానాశ్రయాలు, జైళ్లు, లైట్‌హౌసుల వంటి కొన్నిటిని మినహాయించారు. ఫ్రెనెల్ కటకం పుట్టిల్లు మినహాయింపు పొందింది, దాని మనవడు కోర్టుకెక్కే పరిస్థితి వచ్చింది!

వెలుగు దొంగను ఆపుతుందా?

ఇక్కడ చరిత్ర విద్యార్థి నమ్మకాన్ని, ఆధారాన్ని వేరుచేసి చూడాలి. దొంగకు వెలుగంటే భయం అన్నది అందరి నమ్మకం. 1979లో అమెరికా ప్రభుత్వ సంస్థ కోసం చేసిన సమీక్ష ఒకటి, వీధి దీపాలు నేరాల సంఖ్యను తగ్గిస్తాయనడానికి గణాంకపరంగా నిలిచే ఆధారం లేదని తేల్చింది. భయం మాత్రం తగ్గుతుందని చెప్పింది. 1991లో లండన్‌లోని వాండ్స్‌వర్త్ ప్రాంతంపై బ్రిటిష్ హోం ఆఫీసు వెలువరించిన అధ్యయనమూ నేరాల్లో చెప్పుకోదగ్గ మార్పు చూడలేదు. కాని 2002లో ఫారింగ్టన్, వెల్ష్‌లు 13 అధ్యయనాలను కలిపి చూస్తే సగటున 20 శాతం తగ్గుదల కనబడింది. అందులో ఒక చిక్కు ఉంది. రాత్రి నేరాలతో పాటు పగటి నేరాలూ తగ్గాయి. పగలు దీపం వెలగదు కదా! తమ వీధిని ఎవరో పట్టించుకుంటున్నారన్న భావనే పనిచేసి ఉండవచ్చని వాళ్లు ఊహించారు. 2016లో న్యూయార్క్ ప్రభుత్వ గృహసముదాయాల్లో లాటరీ పద్ధతిన కొన్నిటికి ఎత్తైన దీపస్తంభాలు ఇచ్చి చూస్తే, ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయని తేలింది. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో ఇంగ్లండు, వేల్స్‌లలోని 62 స్థానిక సంస్థలు వీధి దీపాలు తగ్గించినా నేరాలు పెరిగిన ఆధారం దొరకలేదు.

ఈ ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టివేస్తున్నట్టు కనిపించినా, వాటిని జాగ్రత్తగా చదివితే ఒక విషయం తేలుతుంది. వీటన్నిటిలోనూ పరీక్షకు పెట్టింది వీధిని లేదా గృహసముదాయాన్ని, అంటే పదిమంది కళ్లు పడే స్థలాన్ని. వెలుగు దానంతట అది ఎవరినీ పట్టుకోదు. చూసేవాడు ఉంటేనే దాని విలువ. ఇంటి వెనక, ఎత్తైన కంచె లోపల, ఎవరి కంటా పడని పాటియోకు ఆ శాతాలను తెచ్చి అంటించడం సబబు కాదని నా అభిప్రాయం. సెన్సర్ దీపాల పెట్టెల మీద ముద్రించే భద్రత అన్న మాటను ఈ దృష్టితో చదవాలి.

ఎల్.ఇ.డి. వచ్చాక మారిన లెక్క

1993లో జపాన్‌లో నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించడంతో తెల్లని వెలుగుకు కొత్త దారి తెరుచుకుంది. అకసాకి, అమనోలతో కలిసి ఆయన 2014లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో హుద్‌హుద్ తుపాను దెబ్బతీసిన విశాఖపట్నంలో ఆ మరుసటి ఏడాది వీధి దీపాలన్నిటినీ ఎల్.ఇ.డి.లుగా మార్చడం మన ప్రాంతంలో ఈ మార్పుకు పెద్ద గుర్తు. విద్యుత్ ఖర్చు తగ్గించడమే అక్కడి ఉద్దేశం. ఇంటి దీపానికి ఈ మార్పు తెచ్చినది వేరు. అది అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది.

కాగితం, పెన్సిలు తీసుకుని ఈ లెక్క మీరే వేయండి. రాత్రి 11 గంటలనుకుందాం. 300 వాట్ల హాలోజెన్ దీపం రాత్రంతా వెలిగితే ఏడాదికి దాదాపు 1,200 యూనిట్లు. సెన్సర్ పెట్టి రాత్రికి 20 నిమిషాలే వెలిగిస్తే సుమారు 37 యూనిట్లు. ఈ తేడా సెన్సర్ ధరను కొద్ది నెలల్లో రాబట్టేస్తుంది. ఇప్పుడు 6 వాట్ల ఎల్.ఇ.డి. గోడ దీపం తీసుకోండి. రాత్రంతా వెలిగినా ఏడాదికి 24 యూనిట్లే. సెన్సర్‌తో 20 నిమిషాలు వెలిగితే దీపానికి ఒక యూనిట్ కూడా కాదు. కాని సెన్సర్ తాను మేల్కొని ఉండడానికి అర వాటు తీసుకుంటుందనుకుంటే, రాత్రీ పగలూ కలిపి ఏడాదికి సుమారు 4.4 యూనిట్లు అవుతాయి. కాపలాదారు జీతం కాపలా కాసే సొత్తు కన్నా ఎక్కువైంది! మొత్తం మీద మిగిలేది 19 యూనిట్లు.

కాబట్టి బిల్లు కోసం సెన్సర్ అన్న వాదన 1987లో బలమైనదే, ఇప్పుడు బలహీనం. మిగిలిన కారణం ఒక్కటే. చీకటిని చీకటిగా ఉంచడం. దీపాల చుట్టూ తిరిగి చచ్చే పురుగులకు, పక్కింటి కిటికీకి, ఆకాశానికి ఆ చీకటి కావాలి. 1958లోనే అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం అక్కడి నక్షత్రశాల కోసం ప్రకటనల సెర్చ్‌లైట్లను నిషేధించింది. మన దేశంలో 2022లో లడఖ్‌లోని హాన్లే చీకటి ఆకాశ అభయారణ్యమైంది. చీకటిని కాపాడవలసిన సొత్తుగా చూడడం లా రేని ఊహించి ఉండని విషయం.

పాటియోకు దీపం ఎంపిక

పాటియోలో సెన్సర్ దీపం మీద ఉండే ఫిర్యాదుల్లో చాలావరకు దాని పుట్టుకలోనే ఉన్నాయి. భోజనానికి కూర్చున్నవాళ్లు మాటల్లో పడి కదలకపోతే దీపం ఆరిపోతుంది. మళ్లీ వెలిగించడానికి చేతులు ఊపాలి. దొంగను వెతికే యంత్రం ఇంటివాళ్లను లేనివాళ్లుగా లెక్కగట్టింది. ఇందుకు సెన్సర్‌ను తిట్టుకోవడం కన్నా పనిని రెండుగా విడదీయడం మేలు. కూర్చునే చోటికి స్విచ్చుతో వెలిగే మెత్తని దీపాలు ఉండాలి. 1950ల చివర కాలిఫోర్నియాలో మొదలైన 12 వోల్టుల తోట దీపాలు ఈ అవసరానికే వచ్చాయి. సెన్సర్‌ను మెట్లకు, తలుపుకు, అరుగు నుంచి తోటలోకి దిగే దారికి, అంటే మనిషి దాటిపోయే చోట్లకు వదిలేయాలి. ఒకే దీపంతో రెండు పనులూ కావాలంటే సెన్సర్‌ను పక్కకు నెట్టి నిలకడగా వెలిగించే స్విచ్చు ఉన్నదాన్నే కొనాలి. ఆ సౌకర్యం లేని దీపం ఎంత చౌకైనా పాటియోకు పనికిరాదు.

అమర్చే చోటు విషయంలో చారల సంగతి గుర్తుంచుకోండి. దారికి ఎదురుగా కాక పక్కన, సుమారు 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తులో పెడితే నడిచేవాడు చారలను అడ్డంగా దాటుతాడు. వంటగది పొగగొట్టం, ఏ.సి. బయటి పెట్టె, ఊగే కొమ్మలు దాని చూపులో పడకూడదు. గాజు పరారుణ కిరణాలను రానివ్వదు కాబట్టి కిటికీ లోపల పెట్టిన పి.ఐ.ఆర్. సెన్సర్ బయట ఎవరినీ పట్టలేదు. యూరపు తయారీదారుల దీపాలను మన ప్రాంతంలో వాడేవారు తెలుసుకోవలసింది మరొకటుంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 33, 34 డిగ్రీలు. ఇంగ్లండు రాత్రి 8 డిగ్రీలుంటే మనిషి ఆ చలిలో నిప్పుకణికలా కనబడతాడు. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో రాత్రి తొమ్మిదింటికి గోడలు కూడా అంతే వేడిగా ఉంటాయి. అప్పుడు వేడి తేడా ఉండదు, సెన్సర్ చూపు దగ్గరపడుతుంది. పెట్టె మీద 12 మీటర్లని రాసి ఉన్నా ఆ వేళ అంత దూరం ఆశించకూడదు.

వెలుగు ఎంతన్నదానికన్నా ఎటు పడుతుందన్నది ముఖ్యం. కింది వైపుకే వంగిన, పైన మూత ఉన్న, 2,700 కెల్విన్ల పసుపుఛాయ దీపం పొరుగుకు, పురుగులకు తక్కువ ఇబ్బంది. వెలిగే వ్యవధిని, ఎంత చీకటి పడితే పనిచేయాలన్నదాన్ని తిప్పి సరిచేసే మీటలు ఉండాలి. ఈ రెండో మీట వెనక ఉన్నది వెలుగును బట్టి విద్యుత్ నిరోధం మారే పదార్థం. 1873లో సముద్రపు తంతి పరీక్షల్లో విల్లోబీ స్మిత్ సెలీనియంలో ఈ ధర్మాన్ని గమనించాడు. వాన జల్లు తగిలే గోడకు ఐ.పి. 44, నీటిధార పడే చోటికి ఐ.పి. 65 గుర్తు ఉండాలి. బయటి తీగకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి కరెంటుకే తెగిపోయే రక్షణ స్విచ్చు తప్పనిసరి. ఇందులో బేరం పనికిరాదు.

ఈ మధ్య కూర్చున్నవాళ్లను కూడా పసిగట్టే సెన్సర్లు వస్తున్నాయి. ఇవి వేడిని చూడవు. సూక్ష్మతరంగాలను పంపి, 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం ప్రకారం తిరిగి వచ్చిన తరంగంలో మార్పును కొలుస్తాయి. 1950ల దొంగ గంట పద్ధతే, తరంగం మాత్రం వేరు. వీటిలో బాగా సున్నితమైనవి ఊపిరి తీసుకునేటప్పుడు ఛాతీ కదలడాన్ని కూడా గుర్తిస్తాయి. పాటియో సమస్య దీనితో తీరినట్టే ఉంటుంది గాని, సూక్ష్మతరంగాలు గాజును, చెక్కను, పలుచని గోడను దాటిపోతాయి. కంచెకు అవతల పక్కింటివాళ్లు తమ అరుగు మీద కూర్చున్నా మీ దీపం వెలగవచ్చు. దూరాన్ని తగ్గించే మీట ఉన్నదో లేదో కొనేముందే చూసుకోవాలి.